ఊడిన పన్ను మళ్లీ పెట్టించాం, ఇప్పుడు పీఆర్ఎఫ్ కోసం దాన్ని తీయించాలా?

ప్రశ్న: సైకిల్‌నాన్న

మా బాబుకి 12 ఏళ్లు. పోయిన వారం సైకిల్ మీంచి పడి పై ముందు పన్ను ఒకటి వేరుతో సహా ఊడి కింద పడింది. విరగలేదు, మొత్తం పన్నే చేతికొచ్చింది. పక్కనున్నవాళ్లెవరో దాన్ని పొడి రుమాల్లో చుట్టి ఇచ్చారు. డాక్టర్ కుర్చీలో కూర్చునేసరికి గంటన్నర పైనే అయింది. ఆయన పన్నుని సెలైన్‌తో కడిగి, మత్తిచ్చి, పన్ను గుంత కూడా కడిగి, వెనక్కి పెట్టేసి పక్క పళ్లకు సన్న తీగతో అతికించారు. యాంటీబయాటిక్ రాశారు, టీటీ వేయించారు, పుక్కిలించడానికి క్లోర్‌హెక్సిడిన్ ఇచ్చారు. ఎక్స్‌రేలో వేరు కొస పూర్తిగా మూసుకుని ఉంది కాబట్టి వచ్చే వారం రూట్ కెనాల్ మొదలుపెడదాం అన్నారు.

ఇక్కడివరకు బాగానే ఉంది. నిన్న మా బంధువు ఒకాయన ఇంకో క్లినిక్‌లో ఈ కేసు చెప్పి అడిగారట. పన్ను పెట్టే ముందు బాబు రక్తమే కొంచెం తీసి, మెషిన్‌లో తిప్పి, వచ్చిన జెల్లీని గుంతలో పెట్టి ఉంటే వేరు బాగా అతుక్కునేదని, దాన్ని పీఆర్ఎఫ్ అంటారని, ఇప్పుడైనా తీగ విప్పి పన్ను బయటికి తీసి అది పెట్టి మళ్లీ కూర్చోబెట్టొచ్చని అన్నారట. అప్పటి నుంచి ఇంట్లో ఒకటే టెన్షన్. మా డాక్టర్ గారు పెట్టకపోవడం తప్పా? నిజంగా ఇప్పుడు తీసి పెట్టించాలా? ఆలస్యం చేస్తే ఆ అవకాశం కూడా పోతుందేమోనని భయంగా ఉంది. తెలిసినవాళ్లు చెప్పండి ప్లీజ్.

జవాబు: వేరుమూలం, ఎండోడాంటిస్ట్

ముందు ఒక్క మాట, తర్వాత మిగతాది. ఆ పన్నుని మళ్లీ తీయించకండి. పీఆర్ఎఫ్ కోసం కాదు కదా, దేనికోసమూ ఇప్పుడు దాన్ని కదపొద్దు. గుంతలో రక్తం గడ్డకట్టి, చిగురు పంటి మెడ చుట్టూ అతుక్కోవడం మొదలై, ఏదో ఒక రకంగా మానుతున్న చోటు అది. దాన్ని చీల్చి మళ్లీ బయటికి తీస్తే రెండో దెబ్బ మనమే కొట్టినట్టు.

మీ డాక్టర్ చేసినవన్నీ సరిగ్గానే ఉన్నాయి. దంత గాయాల మీద అంతర్జాతీయ సంఘం ఐఏడీటీ 2020లో కొత్త మార్గదర్శకాలు ఇచ్చింది. సెలైన్‌తో కడగడం, కాస్త కదలిక ఉండేలా సన్నని తీగతో రెండు వారాలు కట్టడం, యాంటీబయాటిక్, టెటనస్ సంగతి చూసుకోవడం, వేరు కొస మూసుకున్న పంటికి రెండు వారాల లోపు రూట్ కెనాల్ మొదలుపెట్టడం, ఇవన్నీ అందులో ఉన్నవే. పన్ను పెట్టేటప్పుడు చేయాల్సిన పనుల్లో పీఆర్ఎఫ్ లేదు. కాబట్టి పెట్టకపోవడం తప్పు అనే మాటే రాదు.

ఇక అసలు విషయం. పన్ను ఎముకకి నేరుగా అతికి ఉండదు. మధ్యలో పీడీఎల్ అనే పలుచటి పొర ఉంటుంది, మందం సుమారు మిల్లీమీటరులో నాలుగో వంతే. పన్ను ఊడినప్పుడు ఆ పొర చిరిగి సగం వేరు మీద, సగం గుంత గోడ మీద మిగిలిపోతుంది. వేరు మీద మిగిలిన కణాలు బతికుంటే పన్ను మామూలుగా మానుతుంది. గాలికి ఎండితే అవి చచ్చిపోతాయి. అరగంట పొడిగా ఉంటేనే చాలావరకు పోతాయి, గంట దాటితే ఇంక బతికిలేవనే లెక్కేసుకుంటాం. అందుకే పాలలో వేసి తెమ్మని, అంతకంటే ముందు కుదిరితే అక్కడికక్కడే గుంతలో పెట్టేయమని చెబుతాం. దంత గాయాల మీద పరిశోధించిన ఆండ్రియాసెన్ బృందం తిరిగి పెట్టిన 400 శాశ్వత ముందు పళ్లను ఏళ్ల తరబడి గమనించి 1995లో రాసిన దాంట్లో కూడా ఫలితాన్ని తేల్చేవి ఇలాంటివే. వేరు ఎంతవరకు ఎదిగింది, పన్ను ఎంతసేపు ఎండింది, వెంటనే పెట్టారా లేదా.

మీ బాబు కేసులో గంటన్నర పొడి రుమాలు. వేరు మీద కణాలు ఉండవు. పీఆర్ఎఫ్‌లో ప్లేట్‌లెట్లు విడుదల చేసే పీడీజీఎఫ్, టీజీఎఫ్ బీటా, వీఈజీఎఫ్ లాంటివి ఉంటాయి, అవి కణాలను పెరగమని, కదలమని, కొత్త రక్తనాళాలు కట్టమని చెప్పే సంకేతాలు. వాటిని అందుకోవడానికి సరైన కణం అక్కడ ఉండాలి కదా. చచ్చిన విత్తనాల మడికి ఎరువు చల్లితే మొలకలు రావు. పైగా ఆ చుట్టుపక్కల బతికున్న కణాల్లో ఎక్కువ భాగం ఎముక వైపువి, అవి వేరు దగ్గరికి ముందుగా చేరితే పన్ను ఎముకకు నేరుగా అంటుకుపోతుంది. దాని గురించి కావాలంటే తర్వాత రాస్తాను.

జవాబు: పీజీ_పెరియో

సర్ చెప్పిన మొదటి మాటకి నూటికి నూరు పాళ్లు ఒప్పుకుంటా, పన్ను మళ్లీ తీయించకండి. కానీ పీఆర్ఎఫ్‌ని అంత తేలిగ్గా తీసేయడం నాకు నచ్చలేదు సర్ 🙂 మేం డిపార్ట్‌మెంట్‌లో తరచూ వాడతాం, చిగుళ్ల సర్జరీల్లో, పన్ను తీసిన గుంతల్లో చాలా బాగా పనిచేస్తుంది. చిగురు త్వరగా మూసుకుంటుంది, నొప్పి తక్కువ అంటారు పేషెంట్లు. పైన ప్రశ్న అడిగినవారికి అది అసలు ఏంటో తెలిస్తే భయం తగ్గుతుందని రాస్తున్నా.

చేతి నరం నుంచి రక్తం తీసి 10 మి.లీ. ట్యూబుల్లో నింపుతాం, మామూలుగా రెండు, లేదా నాలుగు, ఎందుకంటే మెషిన్‌లో ఎదురెదురుగా సమాన బరువు ఉండాలి. ఆ ట్యూబుల్లో రక్తం గడ్డకట్టకుండా ఆపే మందు ఏదీ ఉండదు. అందుకే తీసిన మరుక్షణం మెషిన్‌లో పెట్టాలి, కాస్త మాట్లాడుకుంటూ ఆలస్యం చేశామో రక్తం ట్యూబులోనే ఇష్టమొచ్చినట్టు గడ్డకట్టి పనికిరాకుండా పోతుంది. దాదాపు పన్నెండు నిమిషాలు తిరిగాక బయటికి తీస్తే ట్యూబులో మూడు పొరలు. పైన గడ్డి రంగు నీళ్లు, అడుగున ముదురు ఎరుపు, మధ్యలో లేత పసుపు రంగు గడ్డ ఒకటి. దాన్ని ట్వీజర్‌తో పట్టి పైకి లాగితే కింద ఎర్రటి తోకతో సహా వస్తుంది. కత్తెరతో ఆ తోక కత్తిరిస్తాం, అయితే మొత్తం కాదు, పసుపు ఎరుపు కలిసే అంచు దగ్గర కొద్దిగా ఎరుపు వదిలేస్తాం, ప్లేట్‌లెట్లు, తెల్లకణాలు ఎక్కువ ఉండేది అక్కడే. దాన్ని చిల్లుల పళ్లెం మీద పెట్టి మెల్లగా నొక్కితే నీరు కారిపోయి పలుచటి పొర మిగులుతుంది. పట్టి లాగినా టక్కున చిరగదు, కుట్టు కూడా వేయొచ్చు. కారిన నీరు కూడా పారేయం, గుంతని, వేరుని తడపడానికి వాడతారు.

ఇది ఫ్రాన్స్‌లో షుక్రూన్ అనే ఆయన 2001లో మొదలుపెట్టిన పద్ధతి. అంతకు ముందు 1998లో మార్క్స్ దవడ ఎముక సర్జరీల్లో పీఆర్పీ, అంటే ప్లేట్‌లెట్లు ఎక్కువుండే ప్లాస్మా, వాడి చూపించారు. అందులో గడ్డకట్టకుండా మందు కలిపి, తర్వాత మళ్లీ గడ్డకట్టడానికి కాల్షియం క్లోరైడ్, ఒక్కోసారి ఆవు నుంచి తీసిన త్రాంబిన్ అనే గడ్డకట్టించే పదార్థం కలిపేవారు. పీఆర్పీలో మంచి పదార్థాలు చాలావరకు మొదటి కొన్ని గంటల్లోనే ఖర్చయిపోతాయి, పీఆర్ఎఫ్‌లో ఫైబ్రిన్ (రక్తం గడ్డలోని సన్న దారాలు) వలలో ఇరుక్కుని వారం పైన మెల్లమెల్లగా బయటికొస్తాయి. నాకు పీఆర్ఎఫ్ నచ్చడానికి అదే కారణం. పైగా బయటి పదార్థం ఏమీ కలవదు.

పన్ను ఆలస్యంగా పెట్టే కేసుల్లో వేరుని ద్రవంలా ఉండే ఐ-పీఆర్ఎఫ్‌లో ముంచి, గుంతలో పీఆర్ఎఫ్ పొర పరిచి పెట్టినవి, బాగా వచ్చినవి కేసు రిపోర్టుల్లో ఉన్నాయి. అన్నీ అబద్ధాలంటే ఎలా సర్?

జవాబు: వేరుమూలం, ఎండోడాంటిస్ట్

అబద్ధాలని నేననలేదు. బాగా వచ్చిన కేసులే రిపోర్టులుగా వస్తాయి, రాని కేసుని రాసి పంపేవాళ్లు ఎంతమంది? పైగా ఆ రిపోర్టుల్లో పీఆర్ఎఫ్ ఒక్కటే చేయలేదు కదా, స్ప్లింట్ (పక్క పళ్లకు కట్టే తీగ) సరిగ్గా వేశారు, రూట్ కెనాల్ టైముకి చేశారు, పంటి లోపల కాల్షియం హైడ్రాక్సైడ్ అనే మందు పెట్టారు, పేషెంట్‌ని పిలిచి పిలిచి చూశారు. ఇందులో పన్నుని నిలబెట్టింది ఏదో ఎలా విడదీస్తాం? మిగిలినవి కుక్కల మీద చేసినవి, ల్యాబ్‌లో డిష్‌ల మీద చేసినవి. డిష్‌లో పీడీఎల్ కణాలకి పీఆర్ఎఫ్ చూపిస్తే అవి పెరుగుతాయి, అది నేనూ నమ్ముతా. కానీ డిష్‌లో వేసినవి బతికున్న కణాలు.

ఇంకోటి, ఏడాది ఫాలో అప్ చూసి విజయం అనేయడం. ఆంకిలోసిస్, అంటే నేను పైన చెప్పిన వేరు ఎముకకు అంటుకుపోవడం, తీరిగ్గా జరిగే పని. ఆరు నెలలకు ఎక్స్‌రే బాగుండి మూడేళ్లకి వేరు సగం కరిగిపోయిన పళ్లు ఉంటాయి. అందుకే ఈ పళ్లను కనీసం ఐదేళ్లు ఏటేటా చూడమంటారు.

చిగుళ్లకి మంచిది అన్నావు, దాంట్లో నాకూ అభ్యంతరం లేదు. పీఆర్ఎఫ్ మెత్తటి కణజాలానికి పనికొస్తుంది. పంటి వేరు మీద పోయిన పీడీఎల్‌ని తిరిగి తెస్తుంది అని తల్లిదండ్రులకి చెప్పడం దగ్గరే నాకు పేచీ.

జవాబు: పీజీ_పెరియో

ఒప్పుకుంటా సర్. కాకపోతే నేనైతే ఆలస్యమైన కేసులో, పన్ను పెట్టే ఆ రోజే, మెషిన్ పక్కనే ఉంటే వాడతా. నష్టం ఏముంది? ఒక సూది పోటు, పావుగంట సమయం.

జవాబు: వేరుమూలం, ఎండోడాంటిస్ట్

పన్ను ఇప్పటికే ఎండిపోయిన కేసులో వాడుకో, పిల్లవాడు సహకరిస్తే. తాజాగా ఊడి పాలలో వచ్చిన పంటికి మాత్రం పీఆర్ఎఫ్ కోసం పావుగంట ఆగావంటే నేను ఒప్పుకోను. ఆ పావుగంటే అక్కడ అన్నిటికంటే విలువైన మందు.

జవాబు: సెంట్రిఫ్యూజ్, ల్యాబ్ టెక్నీషియన్

నేను పంటి మనిషిని కాదు కానీ మెషిన్ సంగతి కొంచెం తెలుసు. క్లినిక్‌లో 2700 ఆర్పీఎం, 3000 ఆర్పీఎం (నిమిషానికి తిరిగే చుట్లు) అని అంకెలు చెబుతుంటారు. ఆర్పీఎం ఒక్కటీ చెబితే ఏమీ తెలియదండి. రోటర్ (ట్యూబులు పెట్టి తిప్పే చక్రం) వెడల్పుని బట్టి అదే ఆర్పీఎంకి రక్తం మీద పడే బలం మారిపోతుంది. ఒక మెషిన్‌కి రాసిన అంకెని ఇంకో మెషిన్‌లో తిప్పితే వచ్చేది అదే పీఆర్ఎఫ్ కాదు. ఆ రిపోర్టుల్ని ఒకదానితో ఒకటి పోల్చడం కష్టం కావడానికి ఇదీ ఒక కారణమే అనుకుంటా.

ట్యూబులు కూడా చూడాలి. గాజువి, లేదా ఈ పనికే తయారుచేసినవి వాడాలి. మామూలు ల్యాబ్ పరీక్షలకు వాడే ప్లాస్టిక్ ట్యూబుల లోపల సిలికా పూత ఉంటుంది, అవి పరీక్ష కోసం చేసినవి, దాంట్లోంచి వచ్చినదాన్ని తిరిగి మనిషి ఒంట్లో పెట్టడానికి కాదు. సొంత రక్తమే కాబట్టి వేరేవాళ్ల జబ్బు అంటుకునే భయం లేదు, నిజమే, కానీ సూది, ట్యూబు, పనిముట్లు శుభ్రంగా ఉండాలన్నది అలాగే ఉంటుంది. రక్తం పలుచబడే మందులు వాడేవాళ్లకి, ప్లేట్‌లెట్ల సమస్య ఉన్నవాళ్లకి గడ్డ సరిగ్గా రాదు, ముందే చెప్పాలి.

జవాబు: తిరిగిపెట్టినపన్ను

నా కేసు వేరే, అయినా రాస్తున్నా. కింది దవడ పన్నుకి రూట్ కెనాల్ రెండుసార్లు చేయించినా చీము తగ్గలేదు. డాక్టర్ గారు పన్నుని కావాలనే జాగ్రత్తగా తీసి, వేరు కొసని బయట సరిచేసి, మళ్లీ అదే గుంతలో పెట్టారు. పీఆర్ఎఫ్ కూడా పెట్టారు. పన్ను బయట ఉన్నంతసేపూ సెలైన్ తడితోనే ఉంది, వేరుని వేలితో ముట్టుకోనే లేదు, పైకి కనిపించే భాగం, కిరీటం దగ్గరే పట్టుకున్నారు. ఇప్పటికీ బాగానే ఉంది, నములుతున్నా. పీఆర్ఎఫ్ వల్లేనా అని అడిగితే ఆయన నవ్వి, "పన్ను ఎంత త్వరగా లోపలికి వెళ్లిందన్నది చూడు, అది నేను చేసిన పని, మిగతాది బోనస్" అన్నారు.

రక్తం తీసేటప్పుడు మాత్రం నాకే కళ్లు తిరిగాయి, పిల్లలకైతే ఆ సంగతి కూడా ఆలోచించుకోండి.

జవాబు: సైకిల్‌నాన్న

అందరికీ చాలా థాంక్స్. తీయించే ఆలోచన మానేశాం. వేరుమూలం గారూ, మీరు తర్వాత రాస్తానన్న సంగతి చెప్పండి. కణాలన్నీ చచ్చిపోయినట్టే అయితే అసలు పన్ను ఎందుకు పెట్టారు? ఊడిపోతుందా చివరికి? పీఆర్ఎఫ్ ఇక ఎప్పటికీ పనికిరాదా మాకు?

జవాబు: వేరుమూలం, ఎండోడాంటిస్ట్

పెట్టడానికి గట్టి కారణాలే ఉన్నాయి. పన్ను లేకపోతే అక్కడ ఎముక కుదించుకుపోతుంది, పిల్లవాడు పెద్దయ్యాక ఇంప్లాంట్ పెట్టడానికి చోటు మిగలదు. దవడ పెరుగుదల ఆగేవరకు ఇంప్లాంట్ పెట్టకూడదు, 12 ఏళ్ల పిల్లవాడికి అది చాలా దూరం. ఈ లోపు సొంత పన్ను ఆ ఎముక ఎత్తుని, వెడల్పుని కాపాడుతూ ఉంటుంది, బడిలో నోరు తెరిచి నవ్వగలుగుతాడు. కొన్నేళ్లు నిలిచినా అది గెలుపే.

రెండు రకాల కరుగుదల ఉంటుంది, ఇవి కలిపేసుకోకండి. ఒకటి ఇన్ఫెక్షన్ వల్ల వచ్చేది, పంటి లోపల చచ్చిన నరంలో సూక్ష్మజీవులు చేరి వేరుని బయటినుంచి తినేలా చేస్తాయి. ఇది వేగంగా, కొన్ని వారాల్లోనే కనిపిస్తుంది, కానీ రూట్ కెనాల్‌తో ఆపగలం. మీ చేతిలో ఉన్నది ఇదే, అందుకే పీఆర్ఎఫ్ గొడవలో పడి రూట్ కెనాల్ వాయిదా వేయడం నాకు అన్నిటికంటే భయం. రెండోది ఆంకిలోసిస్, వేరు ఎముకకు అంటుకుపోయి, ఎముక తన మామూలు మార్పుల్లో భాగంగా వేరుని మెల్లగా తనలో కలిపేసుకోవడం. దీన్ని ఆపే మందు ఇప్పటికి లేదు, పీఆర్ఎఫ్ కూడా కాదు. చిన్న పనిముట్టు పిడితో పన్ను మీద తడితే పక్క పన్ను మొద్దుగా, ఇది టంగుమని లోహంలా మోగుతుంది. అసలు కదలదు. పిల్లల్లో పక్క పళ్లు దవడతో పాటు కిందికి దిగుతుంటే ఇది ఉన్నచోటే ఆగిపోయి పొట్టిగా కనిపిస్తుంది. ఆ తేడా మిల్లీమీటరు దాటి పెరుగుతుంటే కిరీటం తీసేసి వేరుని ఎముకలోనే వదిలేసే పద్ధతి ఒకటుంది, డీకరోనేషన్ అంటారు, మాల్మ్‌గ్రెన్ 1984లో రాశారు. దానివల్ల ఎముక నిలుస్తుంది. ఇదంతా మీకు తప్పకుండా జరుగుతుందని కాదు, జరిగితే దారి ఉందని.

పీఆర్ఎఫ్ ఎప్పటికీ పనికిరాదా అంటే, మీ బాబుకి ఈ పంటి విషయంలో ఇప్పుడు లేదు. రేపెప్పుడో ఇంప్లాంట్ వేళకి ఎముక నింపాల్సి వస్తే అప్పుడు దాని మాట రావచ్చు. పంటి వైద్యంలో రక్తం ఉత్పత్తులకి నాకు నిజంగా ఆశ ఉన్నది వేరే చోట. ఏడెనిమిదేళ్ల పిల్లలకి వేరు కొస ఇంకా తెరిచి ఉంటుంది, నరం చచ్చిపోతే వేరు గోడలు పలుచగానే ఆగిపోతాయి. అప్పుడు లోపల శుభ్రం చేసి, కొస అవతల చిన్న గాయం చేసి రక్తాన్ని లోపలికి రప్పించి గడ్డ కట్టనిస్తాం. ఆ గడ్డే మెట్టులా పనిచేసి కొత్త కణజాలం లోపలికి పాకుతుంది. 2001లో ఇవాయా బృందం, 2004లో బాంక్స్, ట్రోప్ రాసిన కేసుల తర్వాత ఇది బాగా వ్యాపించింది. కొన్నిసార్లు రక్తం చాలినంత రాదు, అప్పుడు దాని బదులు పీఆర్ఎఫ్ గానీ పీఆర్పీ గానీ పెడతారు. అక్కడ కణాలు బతికే ఉంటాయి, కాబట్టి లెక్క వేరు.

జవాబు: సైకిల్‌నాన్న

చాలా స్పష్టంగా చెప్పారు. ఎల్లుండి రూట్ కెనాల్‌కి వెళ్తున్నాం. తీగ విప్పి చేస్తారా? వదులైన పన్ను మీద డ్రిల్ అంటే వాడికి, నాకు ఇద్దరికీ భయంగానే ఉంది.

జవాబు: వేరుమూలం, ఎండోడాంటిస్ట్

తీగ ఉండగానే చేస్తే మంచిది, అది పన్నుని పట్టి ఉంచుతుంది. తీగ ముందు వైపు ఉంటుంది, రంధ్రం నాలుక వైపు నుంచి చేస్తారు, అడ్డం రాదు. రబ్బర్ డ్యామ్ (పంటి చుట్టూ ఉమ్మి చేరకుండా వేసే రబ్బరు షీటు) బిగించే క్లాంప్‌ని ఆ పంటికి కాకుండా దెబ్బ తగలని పక్క పంటికి పెట్టమనండి. లోపల శుభ్రం చేసి కాల్షియం హైడ్రాక్సైడ్ పెట్టి మూసేస్తారు, దాన్ని ఒక నెల దాకా ఉంచి ఆ తర్వాత శాశ్వతంగా నింపుతారు. నరం లేదు కాబట్టి పంటికి నొప్పి ఉండదు, చిగురు దగ్గర కాస్త అనిపించొచ్చు, మత్తు ఇస్తారు. అంతవరకు మెత్తటివి తినిపించండి, మెత్తటి బ్రష్‌తో తోమించండి, పుక్కిలించేది రోజుకి రెండుసార్లు మానకండి. తీగ విప్పాక నాలుగో వారం, మూడో నెల, ఆరో నెల ఎక్స్‌రేలకి తేదీలు ఆ రోజే రాయించుకోండి.